కుట్టుమిషన్‌కు చోటు లేని ఇల్లు

విశాఖలో ఉన్నప్పుడు నా భార్య వరండాలో కుట్టుమిషన్ పెట్టుకుని చుట్టుపక్కల వాళ్లకు జాకెట్లు కుట్టేది. కూరలకూ పాలకూ ఆ సంపాదనే సరిపోయేది. ఆఫీసు వాళ్లు జీతం పెంచి నన్ను హైదరాబాద్‌కు రమ్మన్నప్పుడు ఇద్దరం సంబరపడ్డాం.

విశాఖలో మూడు గదులకు కట్టిన అద్దెకు, ఆఫీసున్న గచ్చిబౌలిలో ఒక్క గది కూడా దొరకలేదు. వారమంతా తిరిగి, చివరికి బోరబండలో రెండు చిన్న గదులు చూశాం. నా భార్య గోడవారన జానలతో కొలిచి, "మిషన్ ఈ కిటికీ కింద పడుతుంది" అంది.

అది విని ఇంటావిడ తల అడ్డంగా ఊపింది. "మిషన్ వద్దమ్మా. కింద మా ఆయనకు పానం బాగుంటలేదు. జర సప్పుడైనా పరేషాన్ అయితడు."

"పగటిపూట రెండు గంటలేనండి" అని బతిమాలి, నా భార్య నావైపు తిరిగింది. "మీరైనా చెప్పండి."

నేనేం చెప్పను? మర్నాడే ఆఫీసులో చేరాలి. ఇంతకంటే తక్కువలో ఇల్లు లేదు. ఇంటావిడ మాటలోనూ తప్పు లేదు. జేబులోంచి అడ్వాన్సు డబ్బులు తీశాను. అది చూసి నా భార్యే, "సరేనండి, తాళం ఇవ్వండి" అంది.

మిషన్‌ను విశాఖలోనే పక్కింటివాళ్లకు ఇచ్చేశాం. పెరిగిన జీతమంతా అద్దెకూ, నా రాకపోకలకూ అయిపోతోంది. అక్కడ ఏనాడూ నా ముందు చెయ్యి చాచని మనిషి, ఇప్పుడు ఆటోకి డబ్బులు అడిగేటప్పుడు నా ముఖంలోకి చూడదు. నేనూ చూడలేను.