ఉప్పల్ నుంచి నాచారానికి పెద్దక్షరాలతో

ఆ ఆదివారం నేను నాచారం బయలుదేరడానికి కారణం యాదగిరి. మేమిద్దరం ముప్పై ఏళ్లు ఒకే ఫ్యాక్టరీలో పనిచేశాం. అన్నం గంటలో నేను కథ చదివేవాణ్ని, మిగతావాళ్లు వినేవాళ్లు. రిటైరయ్యాక ఆ చదువు నాచారంలో ఒక చాయ్ హోటల్‌కు మారింది. పోయిన వారం నేను రెండుసార్లు వరుస తప్పేసరికి యాదగిరి తేల్చేశాడు: "నీ కండ్లు పోయినయ్ బావా. వచ్చేవారం సంది నేను సదువుత." నేను బడి మెట్లెక్కలేదు, గోడల మీది ప్రకటనలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. అట్లా సంపాదించిన చదివేవాడి కుర్చీని వదులుతానా? తమ్ముడి కూతురు దగ్గర పుస్తకాలు చదివే పలకలాంటి పాత ఈ-రీడర్ తీసుకుని, అందులో కథలు ఎక్కించుకుని, అక్షరాల సైజు మార్చడం నేర్చుకున్నాను.

తొమ్మిదింటికి ఉప్పల్ రింగ్ రోడ్డులో షేర్ ఆటో ఎక్కాను. హబ్సిగూడ దాకా పది రూపాయలు, అక్కడ ఆటో మారితే నాచారానికి ఇంకో పది. రోడ్డు తవ్వుతున్నారు, ముప్పావుగంట పెట్టుకోండి. నేను సైకిల్ తొక్కిన రోజుల్లో ఈ దారిన ఎదురుగాలి తప్ప అడ్డం వచ్చేది లేదు, అది వేరే కథ. కుదుపులకు అక్షరాలు ఎగురుతుంటే సైజు పెంచుకుంటూ చిట్టచివరి మెట్టుకు చేర్చాను. తెర మీద ఆరే మాటలు మిగిలాయి.

"ఏంది పెద్దయ్యా, దుకాణం బోర్డు పట్కపోతున్నవా?" అన్నాడు డ్రైవర్.

"అవ్ బిడ్డా. జర మెల్లగ నడుపు, ఎనక బస్సోడు గూడ సదువుతుండు."

మా చదువుకొక కట్టుబాటు ఉంది. వినేటప్పుడు ఎవరూ చాయ్ జుర్రకూడదు, పేజీ తిప్పినప్పుడే ఒక గుక్క. ఫ్యాక్టరీ రోజుల్లో పక్క షెడ్డు మిషన్ల చప్పుడులో నా గొంతు వినపడాలని పెట్టుకున్న నియమం అది. హోటల్‌లో కుర్చీలో కూర్చుని, ఆటోలో పెట్టిన సైజు మార్చకుండానే ఆరు మాటలు చదివి పేజీ తిప్పాను, అందరూ గుక్క తాగారు. మళ్లీ ఆరు మాటలు, మళ్లీ గుక్క. కథలో పెళ్లివారు ఇంకా బస్సు దిగనేలేదు, గ్లాసులన్నీ ఖాళీ.

"గిట్లయితే హోటల్ల పాలు ఒడుస్తయ్ బావా. కుర్చీ ఇయ్యి," అన్నాడు యాదగిరి.

"ఇంకో చాయ్ చెప్పు. కుర్చీ మాత్రం ఇయ్య."

కుర్చీని గుమ్మం దగ్గర ఎండలోకి జరిపాను. ఫోన్ తెర ఎండలో వెలవెలబోతుంది గానీ, ఈ-రీడర్ మీద అక్షరం ఇంకా నల్లగా తేలుతుంది. సైజు రెండు మెట్లు దించి, వరుసల మధ్య ఖాళీ పెంచి మళ్లీ మొదలుపెట్టాను. చివరిదాకా ఒక్క వరుస తప్పలేదు. తలెత్తి చూస్తే యాదగిరి గ్లాసులో చాయ్ సగం అట్లాగే ఉంది, మీగడ కట్టింది. అతను గుక్క తాగడం మరిచిపోయాడు.

పెద్దక్షరాలు చదవడం ఓటమని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఇన్నేళ్లూ నేనే అక్షరం దగ్గరికి నడిచాను, ఇప్పుడు అది నా వైపు రెండడుగులు వేస్తే తప్పేముంది? మీకు ఒకటే మాట చెబుతాను: సైజును ఆటోలో పెట్టుకోకండి. మీరు చదివే కుర్చీలో కూర్చుని, ఆ వెలుతురులో పెట్టుకోండి.