అన్నం కాని మొదటి ముద్ద

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం వడ్డించే వేళకు నేను తమ్ముణ్ణి చంకనేసుకుని బయటికి పోవాలి. అది నా పని. వాడికి అప్పుడు ఏడో నెల నడుస్తోంది. కంచం చప్పుడైతే చాలు, అమ్మ ఒళ్ళోంచి ముందుకు దూకేవాడు. ముద్ద ఎవరి చేతిలో ఎటు వెళితే వాడి కళ్ళు అటు వెళ్ళేవి. తినేవాళ్ళకు గొంతు దిగేది కాదు. అందుకని వాణ్ణి కనపడకుండా తీసుకుపోవడమే మేలని మా మామ్మ తేల్చింది. మామ్మ అంటే మా నాన్నను కన్న తల్లి. ఇంట్లో ఆవిడ మాటకు తిరుగు లేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా తమ్ముడు నోరు తెరిచి, చేతులు చాచి అడిగినా అమ్మ పెట్టలేకపోయింది. కారణం మామ్మ మొక్కు. వాడు కడుపులో ఉండగానే, మగపిల్లాడైతే మా ఊరి అమ్మవారి ఎదుటే అన్నం ముట్టిస్తానని మొక్కుకుందట. ఆ ఊరేమో శ్రీకాకుళం దగ్గర, మేమేమో జంషెడ్‌పూర్‌లో, భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ నది వైపు దిగే సందులో, ఇటుక గోడల రెండు గదుల ఇంట్లో. నాన్న ఉక్కు కార్ఖానాలో పని. మగపిల్లలకు సరి నెలలోనే అన్నప్రాశన చెయ్యాలి, ఆరు తప్పితే ఎనిమిది, ఎనిమిది తప్పితే పది. ఆరో నెలలో కొలిమి మరమ్మతు వచ్చిపడింది.

“ఛుట్టీ ఇవ్వనంటన్నారమ్మా” అన్నాడు నాన్న, డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ.

అమ్మవారు వరమిచ్చినా సాహెబు ఇవ్వలేదన్నమాట. అలా ఒక్క వారం సెలవు దొరక్కపోతే మా తమ్ముడికి అన్నం రెండు నెలలు వెనక్కి పోయింది. ఇక్కడే రాముడి గుడిలో కానిచ్చేద్దామని అమ్మ మెల్లిగా అంటే, మొక్కు తప్పితే బిడ్డకే చెరుపని మామ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దాంతో అమ్మ నోరు మూతపడింది.

మామ్మ చెడ్డది కాదు. ఇప్పుడు నేనూ ఆ వయసుకొచ్చాక ఆవిడ భయం నాకు అర్థమవుతోంది. వాడికి రోజూ నూనె రాసి, కాళ్ళు సాగదీసి, తనే నీళ్ళు పోసేది. ఒళ్ళు పట్టడం లేదని తనే ముందు కనిపెట్టింది. కానీ అది ఆకలని ఆవిడకు తోచలేదు, దిష్టి అనుకుంది. ఆ వానాకాలం జ్వరం వచ్చి తగ్గాక అమ్మకు పాలు బాగా తగ్గిపోయాయి, ఆ సంగతీ ఆవిడ పట్టించుకోలేదు. సాయంత్రమయ్యేసరికి ఉప్పూ మిరపకాయలూ వాడి చుట్టూ తిరిగి పొయ్యిలోకి పోయేవి గాని, వాడి కడుపులోకి మాత్రం ఏదీ పోయేది కాదు.

వాణ్ణి ఎత్తుకుని నేను వెళ్ళేది పక్కింటికే. మాకూ వాళ్ళకూ మధ్య గోడ ఒకటే. ఆ ఇంటావిణ్ణి నేను అత్త అనేదాన్ని. ఆమె భర్త కార్ఖానాలో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కింద పని చేసేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. అయితే చిన్నప్పుడే తల్లి పోతే చెల్లెళ్ళనూ తమ్ముళ్ళనూ తనే పెంచిందట. కొన్నాళ్ళు ఊరికే చూసింది. ఒకరోజు పొయ్యి ముందు చోడిపిండి, అంటే రాగిపిండి కలుపుతూ నన్ను అడిగింది.

“ఈడికి మీ మామ్మ ఏటి పెట్టొద్దంది?”

“అన్నం” అన్నాను.

“అన్నం ఒక్కటేనా?”

“అన్నమే. మొక్కుంది.”

“మరి చోడి జావ అన్నమేటే, గుంటా?”

నేను నిజంగానే ఆలోచించాను. చోడి జావ అన్నం కాదు. బంగాళదుంప అన్నమా అని అడిగింది, కాదన్నాను. అరటిపండు? అదీ కాదు. “అయితే మీ అమ్మోరికి కోపం రాదులే” అని నవ్వి, వాణ్ణి నా చంకలోంచి తీసుకుంది. మామ్మ మాట ఇంత సులువుగా పక్కకు జరుగుతుందని నాకు అంతవరకూ తెలియదు.

ఆ తర్వాత చూసినవన్నీ నా కళ్ళముందు ఇప్పటికీ ఉన్నాయి. వాణ్ణి తొడమీద నిటారుగా కూర్చోబెట్టుకుని, మెడ నిలిచిందో లేదో ముందు చూసుకుంది. జావ బాగా ఉడికించి, చెంచా వంచితే జారిపోనంత చిక్కగా చేసింది. అందులో ఉప్పూ లేదు, బెల్లమూ లేదు. చెంచా కొసన కాస్త తీసుకుని పెదవికి ఆనించి ఊరుకుంది, నోట్లోకి తొయ్యలేదు. వాడే నోరు తెరిచాడు. తెరిచి, సగం నాలుకతో బయటికి నెట్టేశాడు. నచ్చలేదు కాబోలని నాకు ఏడుపొచ్చింది. “పాలు తాగిన నాలిక అది. మింగడం నేర్సుకోవాల గదా, రెండ్రోజులు సూడు” అంది అత్త. రెండు మూడు చెంచాలయ్యాక వాడు మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. మా ఇంట్లో పిల్లలు మొహం తిప్పుకుంటే దవడ పట్టుకుని పెట్టేవాళ్ళు. ఆగడం కూడా పెట్టడంలో ఒక భాగమని నేను ఆ రోజే చూశాను.

కొన్నాళ్ళు అదే జావ. ఒంటికి పడిందని తెలిశాకే మెదిపిన దుంప. అదీ పడ్డాకే మెత్తగా ఉడికిన పప్పు. ఒకేసారి రెండు కొత్తవి పెట్టేది కాదు, ఏది పడలేదో ఎలా తెలుస్తుంది అనేది. ముందు అమ్మ పాలు తాగించి తీసుకురమ్మనేది. పాలు మానిపించడానికి కాదు, పాలకు తోడుగానే అని నాకు పెద్దదానికి చెప్పినట్టే చెప్పేది. తమ్ముడి ఏడుపు తగ్గింది. వాడు నా చంకలో బరువెక్కుతుంటే నాకు గొప్పగా ఉండేది.

ఒక మధ్యాహ్నం వాడి గడ్డానికి ఎండిపోయిన జావ అంటుకుని ఉండగానే ఇంటికి తెచ్చేశాను. అమ్మ వేలితో తీసి వాసన చూసింది. అటు తిరిగి బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మామ్మ వైపు ఒకసారి చూసి, కొంగుతో వాడి గడ్డం తుడిచేసింది. మర్నాడు భోజనాల వేళకు వాణ్ణి నా చంకలో పెడుతూ, వాడి పక్కగుడ్డలో వెండి ఉగ్గుగిన్నె చుట్టి ఇచ్చింది. అది అమ్మ పుట్టింటివాళ్ళు వాడికి పెట్టింది. అత్త ఆ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత దాన్ని వేడినీళ్ళతో కడిగింది.

దొంగతనంగా జరిగే మంచి ఎన్నాళ్ళు దాగుతుంది? ఏదో పనిమీద నన్ను వెతుక్కుంటూ మామ్మ పక్కింటి గడప దాకా వచ్చింది. అత్త ఒళ్ళో మనవడు, ఆమె చేతిలో మా ఉగ్గుగిన్నె.

“ఓలమ్మో! నా మనవడి నోట్లో మొదటి ముద్ద నువ్వెట్టీసినావేటే? మా గిన్నె నీ ఇంటికెలాగొచ్చినాది? పిల్లల్నేనిదానివి, నీకేటి తెలుసునే పిల్లల సంగతి!”

సందులోవాళ్ళంతా బయటికొచ్చారు. మా గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. అత్త అమ్మ వైపు చూసింది. ఒక్క మాట, గిన్నె నేనే పంపానన్న ఒక్క మాట అమ్మ అనాలి. నేనూ అమ్మ వైపే చూశాను. అమ్మ నేల వైపు చూసింది.

అత్త ఆ గిన్నె ఎలా వచ్చిందో చెప్పలేదు. కొంగుతో తుడిచి మామ్మ చేతికిచ్చింది. “అన్నం పెట్నేదు పిన్నీ. అన్నం మీకే ఉంచినాను” అంది. తమ్ముణ్ణి నాకు అందించి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు అమ్మ మామ్మ ఎదుటే చోడి జావ కాచింది. నాకు తెలిసి అత్తగారి ఎదుట ఆమె చేసిన మొదటి ఎదురుపని అదే. మామ్మ ఏదో అనబోయింది, అంతలో తమ్ముడు గిన్నెను చూసి నోరు తెరిచాడు. మామ్మ ఉతకాల్సిన బట్టలు తీసుకుని బయటికి నడిచింది. అంటే వాడిది ఆకలేనన్న నిజం ఇద్దరికీ తెలిసింది. తెలిసీ ఇద్దరిలో ఒక్కరూ పక్కింటి గడప తొక్కలేదు. నన్ను వెళ్ళనివ్వలేదు. గోడ అవతల ఆమె పిండి దంచే చప్పుడు మాత్రం వినిపించేది. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా అమ్మ చేతిలో పని ఆగేది.

ఎనిమిదో నెలలోనూ దొరకని సెలవు పదో నెలలో దొరికింది. ఊళ్ళో అన్నప్రాశన ఘనంగా జరిగింది. తమ్ముడు ముద్దను చక్కగా చప్పరించి మింగాడు. “పాలమీదే పెరిగినోడు, ఎంత బాగా మింగతన్నాడో సూడండి! అంతా అమ్మోరి సలవే” అన్నారు చుట్టాలు. మామ్మ తలూపింది. అమ్మ కంటనీరు పెట్టుకుంటే సంతోషమనుకున్నారు. తిరుగుప్రయాణంలో అమ్మ పక్కింటికని అరిసెలు విడిగా మూట కట్టింది. రైల్లో దారంతా ఆ మూట ఒళ్ళోనే పెట్టుకుంది.

వచ్చేసరికి పక్కింటికి తాళం ఉంది. ఠేకేదారు పని అయిపోయిందట, ఒడిశా వైపు ఎక్కడికో వెళ్ళిపోయారట. అంతకన్నా ఎవరికీ తెలియదు. అరిసెల మూట మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. అమ్మ మమ్మల్ని తిననివ్వలేదు, తను తినలేదు. రాళ్ళలా అయ్యాక అమ్మే తీసుకెళ్ళి నదిలో వేసొచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని, మామ్మ ఉన్నంతకాలం ఈ సంగతి ఎత్తొద్దని నాతో అంది. మామ్మ చివరి రోజుల్లో అమ్మ ఆవిడకు చోడి జావే చెంచాతో పెట్టేది. ఒకరోజు రెండు చెంచాలయ్యాక మొహం తిప్పుకుని, “ఆ పక్కింటి పిల్లని ఒక్కపాలి పిలవాల్సింది” అంది మామ్మ. అమ్మ ఏడ్చింది. తర్వాత అమ్మ కూడా పోయింది. సంగతి మాత్రం ఎవరూ ఎత్తకుండానే ఉండిపోయింది.

మా తమ్ముడు ఇప్పుడు తాతయ్యాడు, జంషెడ్‌పూర్‌లోనే సోనారిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. మనవరాలికి ఏడో నెల. ఆడపిల్లకు బేసి నెల కావాలి. ఈ నెల ఊరెళ్ళడం కుదరదు కాబట్టి తొమ్మిదో నెల దాకా పాలు తప్ప ఏదీ ముట్టించొద్దన్నాడట. ఆరు నిండగానే మొదలుపెట్టమని పిల్లల డాక్టరు చెప్పాడని కోడలు మొత్తుకుంటే, “నాకు పదో నెలలో పెట్టారు, నాకేమైంది?” అని ఫోన్లో నాతో వాదించాడు. మేము దాచిపెట్టిన నిజం వాడి నోట ఆచారమై, ఇంకో బిడ్డను పస్తు పెట్టబోతోంది.

చోడిపిండీ, అమ్మ పోయాక నా దగ్గర మిగిలిన ఆ వెండి ఉగ్గుగిన్నే సంచీలో వేసుకుని బారిడీహ్ నుంచి ఆటోలో వెళ్ళాను. తమ్ముడు భోజనానికి కూర్చున్నాడు. కోడలి ఒళ్ళో పిల్ల కళ్ళు వాడి చెయ్యి ఎటు వెళితే అటు వెళుతున్నాయి. ఆ చూపు నాకు తెలుసు. అక్కడే కూర్చుని మొదటినుంచీ చెప్పాను. వాడి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. అయ్యాక లేచి, చెయ్యి కడుక్కుని, పిల్లను తొడమీద కూర్చోబెట్టుకున్నాడు. నేను జావ కాచి గిన్నెలో పోసిచ్చాను. మొదటి చెంచా సగం బయటికొచ్చింది. వాడు కంగారుపడితే, రెండ్రోజులు చూడమన్నాను.

“ఉన్‌కా నామ్ క్యా థా, అక్కా?” అని ఆమె పేరు అడిగాడు.

నోరు తెరిచాను. పేరు లేదు. నాకు అత్త, అమ్మకు వదిన, మామ్మకు పక్కింటి పిల్ల. అడగడానికి ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. మా వాడి ప్రాణం నిలబెట్టిన మనిషి పేరు మా ఇంట్లో ఒక్కరమూ అడిగి ఉంచుకోలేదు.

పిల్ల మొహం తిప్పుకుంది. తమ్ముడు ఇంకో చెంచా ఎత్తబోతే నా చెయ్యి దానంతటదే వాడి చేతిని ఆపింది. ఆ ఆపడం నాది కాదు, ఆమెది. వాడు మళ్ళీ నా వైపు చూశాడు.

“పక్కింటి అత్త” అన్నాను.