నా వెనక బ్యాటర్

అమీర్‌పేట హాస్టల్లో నా గదిలో ఉండేవాడూ నేనూ ఒకే బేస్‌బాల్ జట్టులో ఆడేవాళ్ళం. ఎన్ని కోర్సులు చేసినా ఇద్దరికీ ఉద్యోగం రాలేదు. ఇక మిగిలింది స్పోర్ట్స్ కోటా ఒక్కటే. ఆ రోజు ఆడే మ్యాచ్ గెలిస్తేనే రాష్ట్ర జట్టు ఎంపికకు పిలుస్తారు.

చివరి ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. ఇంకొక్కరు ఔటైతే ఆట ముగిసినట్టే. నేను రెండో బేస్ మీద ఉండగా మావాడొకడు బంతిని ఎడమవైపు కొట్టాడు. పరుగెత్తాను. మూడో బేస్ దగ్గర మా కోచ్ రెండు చేతులూ ఎత్తి ఆపుతున్నాడు.

"ఆగు, ఆడనే ఆగు."

ఆగితే, తర్వాత బ్యాట్ పట్టేది నా గదివాడు. ఆ రోజంతా వాడి బ్యాటుకు బంతి తగల్లేదు. బంతి అందుకున్న ఫీల్డర్ విసురు చూస్తే అంతంతమాత్రం. అంతకంటే లెక్కేముంటుంది? ఆగకుండా, పరుగు పూర్తయ్యే హోమ్ బేస్ వైపు దూకాను, చేరితే స్కోరు సమం. బంతి నాకంటే ముందే చేరింది, ఔటయ్యాను. ఆట అయిపోయింది.

అందరూ తిట్టారు, పడ్డాను. నా లెక్క తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. ఆగి ఉంటే ఎలా గెలిచేవాళ్ళమో ఒక్కడు చెప్పమనండి.

పంజాగుట్టలో మెట్రో ఎక్కాం. నా గదివాడు బ్యాట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అమీర్‌పేట తర్వాతి స్టేషనే. తలుపులు తెరుచుకుంటుంటే నెమ్మదిగా అడిగాడు.

"నేను కొట్టనని నీకెట్ల ఎరుక అన్నా?"