జిమ్మీకి తలంటు

చోడవరంలో గణపతిరావు గారంటే కుక్క గణపతిరావు గారే. తాలూకా కచేరీలో గుమాస్తాగా రిటైరయ్యాక, వాల్తేరులో ఎవరో ఆఫీసరు వదిలించుకున్న బొచ్చుకుక్కను తెచ్చి జిమ్మీ అని పేరు పెట్టుకున్నాడు. ఆదివారం వస్తే దానికి తలంటు. ముందు కుంకుడు రసం, ఆపైన వాసన సబ్బు. ఆ తర్వాత ఒళ్లంతా దువ్వి, చెవులు దూదితో తుడిచి, కాలివేళ్ల సందుల్లో గోమార్లు ఏరేవాడు. ఏరిన పురుగునల్లా కిరసనాయిలు చిప్పలో పడేసి, ఏదో యుద్ధం గెలిచినట్టు మీసం దువ్వుకునేవాడు. కన్నపిల్లలకు ఒక్కనాడు ముక్కు తుడిచిన పాపాన పోని మనిషి! చూసినప్పుడల్లా భార్య వరహాలక్ష్మికి ఒళ్లు మండిపోయేది.

మండినా నీళ్లు తోడాల్సింది ఆవిడే. కుక్కను ముట్టిన చేత్తో నూతి చేద ముట్టకూడదని ఆయనగారి నియమం. ముందు కుక్కకు తోడాలి. తర్వాత మైలపడ్డ మొగుడి నెత్తిన తోడి పోయాలి. అందాకా ఆయన గడప తొక్కడు. ఎంత నిష్ఠ! ఆ నిష్ఠ ధర్మమా అని ఆవిడ కుడి భుజం సరిగ్గా పైకి లేవడం మానేసింది.

ఆ ఆదివారం జిమ్మీ నిలువెల్లా నురగలో ఉండగా, వడ్డాది నుంచి పరదేశి బండి కట్టుకొచ్చాడు. అతను వరహాలక్ష్మి చెల్లెలు లక్ష్మీసుందరి ఇంట్లో పాలేరు.

"మా అమ్మగోరికి జొరం దిగనేదండి. పొద్దున్నుంచీ మాటే నేదు. బేగి రండి" అన్నాడు.

వరహాలక్ష్మి నీళ్లు తోడడం ఆపేసింది. తోడబుట్టిన వాళ్లలో మిగిలింది ఆ ఒక్కతే.

"నేను వెళ్తన్నానండీ" అంది.

గణపతిరావు తలెత్తలేదు. "వెళ్దువుగానిలే. ముందు ఈ నురగ పోనీ. దీని కళ్లలోకి దిగిపోతంది."

"అది మాట పడిపోయి ఉందట!"

"ఇదీ నోరులేనిదే కదే. నువ్వెళ్తే నీళ్లెవరు పోస్తారు? నా స్నానం మాటేటి?"

ఆవిడ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. మోచేతుల దాకా నురగ, చంకలో కుక్క తల. ఈ మనిషికా ఇన్నేళ్లూ భయపడ్డాను అనిపించి పరమ అసహ్యం వేసింది. చేద నూతిగట్టు మీద పెట్టేసింది.

"మీ కుక్క, మీ మడి. మీరే చూసుకోండి" అని కట్టుబట్టలతో బండెక్కింది.

"ఒసే! నేను చేద ముట్టకూడదే!" అని వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు.

బండి వీధి మలుపు తిరగనే లేదు, పెరట్లో గిలక కిర్రుమంది. మళ్లీ కిర్రుమంది. ఇంట్లో ఇంకో మనిషి లేడు. ఆ సబ్బు చేతులతోనే దివ్యంగా తోడుకుంటున్నాడు!

"నీ మడి మండా! ముట్టొచ్చన్నమాట!" అంది వరహాలక్ష్మి పైకే.

ఆ తర్వాత వడ్డాది దాకా ఆవిడ ఏడుస్తూనే ఉంది. చెల్లెలి కోసమే ఏడుస్తోందనుకున్నాడు పరదేశి.