గురవమ్మ డబ్బా

డ్యూటీ దిగి రూముకు వచ్చేటప్పుడు గురవమ్మ చేతిలో స్టీలు డబ్బా బరువుగా ఉండేది. ఇప్పుడు ఖాళీగా వస్తోంది. గల్ఫ్‌లో, అల్ ఖువైర్ పేటలో ఫ్రాన్సు పల్లెటూరి ఇంటిలా కట్టిన చిన్న హోటల్లో ఆమె గిన్నెలు తోముతుంది. అక్కడ చెక్కబల్లల మీద కొవ్వొత్తులు, సన్నకాడల వైను గ్లాసులు ఉంటాయి. ఒక్కో గ్లాసునూ పసిబిడ్డ తల తుడిచినట్టు తుడుస్తుంది. మిగిలిన కోడికూరను వంటమాస్టరు ఇస్తే, రూములో తనతో ఉండే కడప పిల్ల ఫర్జానాతో పంచుకునేది.

"హలాల్ కోడే గదా అక్కా?"

"అడిగే తెచ్చినాలే, తినుమే."

తిన్నాక డబ్బా కడగడం ఫర్జానా వంతు.

ఒకరోజు గురవమ్మ పెందలాడే పనికి వెళ్ళింది. వంటమాస్టరు ఎర్రవైను సీసా ఎత్తి అదే కూరలోకి వంపుతున్నాడు. కోడి సంగతి అడిగింది గానీ, కూరలో ఏం పోస్తారో అడగాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు. రూముకు వచ్చి, తలెత్తకుండానే ఫర్జానాకు చెప్పింది.

"బాగుందని వేళ్ళు గూడా నాకితి గదక్కా!" అంది ఫర్జానా. నోరు పుక్కిలించి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత డబ్బా ముట్టలేదు, మాట్లాడలేదు.

ఈ శుక్రవారం గురవమ్మ కొత్త డబ్బా కొని, రూములోనే పప్పు వండి, అన్నంతో కలిపి అందులో పెట్టింది. ఫర్జానా తినేసి డ్యూటీకి వెళ్ళింది. ఎంగిలి డబ్బా సింకులో ఉంది. గురవమ్మ చేయి అలవాటుగా కొళాయి దాకా వెళ్ళి ఆగింది. తనే కడిగేస్తే, తామిద్దరి మధ్య ఫర్జానా వంతంటూ ఏమీ మిగలదు. దాన్ని అలాగే వదిలేసి, సబ్బు మాత్రం డబ్బా పక్కకు జరిపి పెట్టింది.