తిరగేసి చదివిన కత్తి కథ

మా చిన్నప్పుడు... ఏలూరులో మా ఇంటి మేడమెట్ల మీద, పై మెట్టున నేను, కింది మెట్టున మా పిన్ని కూతురు రూతు. నా ఒళ్ళో అట్టలు రెండూ ఊడిపోయిన జపాను బొమ్మల పుస్తకం. మంత్రాల కత్తులు, పగలు, తలలు ఎగిరిపడటాలు... అబ్బో!

రెండు వేల నాలుగో, ఐదో. నాన్న పాత పుస్తకాల కొట్లో కొనితెచ్చారు. ఇంగ్లీషులో ఉంది. నేనేమో ఏడో తరగతి, సగం మాటలు తెలియవు. అయితేనేం, కథ చెప్పడంలో నాకు ఎదురులేదు! పేజీ నంబర్లు వెనక నుంచి ముందుకి ఉంటే, "ప్రెస్సువాళ్ళు తప్పుగా వేశారే" అని తీర్పిచ్చేశాను.

తెలుగు పుస్తకం తెరిచినట్టే తెరిచాను. మొదటి బొమ్మలోనే కుర్రాడు పగ తీర్చేసుకుని, నెత్తురు కారే కత్తితో నిలబడి ఉన్నాడు. పేజీలు తిప్పేకొద్దీ చచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు! "చూశావా, అదీ కత్తి మహిమ" అన్నాను. ఆఖరి పేజీలో కుర్రాడు వాళ్ళ నాన్న పక్కన కూర్చుని అన్నం తింటున్నాడు... శుభం.

రూతుకి ఆ ఆఖరి పేజీయే కావాలి. ఆ ఏడాదే కొల్లేరులో చేపల చెరువు దగ్గర మోటారు షాక్ కొట్టి మా బాబాయి, అంటే వాళ్ళ నాన్న, పోయారు. పిన్ని దాన్ని చదువుకని మా ఇంట్లో ఉంచింది. నెలైనా పిల్ల నోరు విప్పలేదు, సరిగ్గా తినలేదు. ఈ కథ విన్నాకే "ఇంకోసారి చెప్పవా అక్కా" అంది. రోజూ చెప్పాను. వింటూ కంచం ఖాళీ చేసేది.

ఒకరోజు గొప్ప కోసం పుస్తకం బడికి పట్టుకెళ్ళాను. డ్రాయింగు మాస్టారు చూసి నవ్వారు. "తమరు తిరగేసి చదివారండీ! జపాను పుస్తకం కదమ్మా, ఆ చివర మొదలెట్టి కుడి నుంచి ఎడమకి చదవాలి."

అంటే... నాన్నతో అన్నం తినడం మొదటి పేజీ. ఆ తర్వాత నాన్నని చంపేస్తారు. మిగతాదంతా పగే. ఆయన మరి రాడు.

సాయంత్రం రూతు కంచం పట్టుకుని మెట్ల మీద సిద్ధంగా కూర్చుంది. నిజం చెబితే మళ్ళీ అన్నం మానేస్తుంది. పుస్తకం తెరిచాను... నా వైపు నుంచే! గొంతు ఇంకాస్త పెంచి మరీ చెప్పాను. జపానువాళ్ళు ఏమైనా అనుకోనీ.

మొన్న తాడేపల్లిగూడెంలో రూతు ఇంటికి వెళితే, వాళ్ళమ్మాయి ఫోనులో అలాంటి కత్తుల కథే చదువుతోంది. ఇక ఉండబట్టలేక, "నీకు అప్పుడు తిరగేసి చెప్పానే" అన్నాను.

"తెలుసక్కా" అంది నింపాదిగా. "నువ్వు మొదటిసారి చెప్పిన మర్నాడే ఆ చివర్నించి బొమ్మలన్నీ చూసేశాను. అందులో వాళ్ళ నాన్న చచ్చిపోయారు... అందుకే రోజూ నీ చేత చెప్పించుకునేదాన్ని."

ఇద్దరం ఏడ్చేశాం.

ఇప్పుడు ఏ కథ ఎటు నుంచి చదవాలో ఫోనే చెప్పేస్తోంది. పిల్లలు తప్పుగా చదివే వీలే లేదు... పక్కన కూర్చుని తప్పుగా చెప్పేవాళ్ళూ లేరు. మీకోసం కథని మార్చి చెప్పినవాళ్ళు ఎవరండీ? కింద రాయండి... చదవాలని ఉంది.