కప్పులో చక్కెర పొట్లం

ఆ పొద్దున నెట్ సెంటర్లో మెయిల్ తెరిచాను. మొదట కనిపించింది ఫొటో. మేము అచ్చువేసిన కప్పే. దాని మీద ఎవరో కొత్త జంట, మెడలో దండలు. కప్పు పక్కన చిన్న ప్లాస్టిక్ పొట్లం, దాంట్లో తెల్లగా ఏదో. పొట్లం మూతికి ఎర్ర దారం, ఆ దారానికి ఒక ముడి.

ముడిని చూడగానే గుర్తుపట్టాను. అది మా అవ్వది, మా అమ్మ వేసే ముడి. పెళ్లికి ముందు పుట్టింట్లో బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. ఇప్పటికీ ఏ పొట్లం కట్టినా బీడీకి వేసినట్టే రెండు చుట్లు తిప్పి కొసను లోపలికి నొక్కేస్తుంది. ఆ ముడి ఇంకెవరికీ రాదు.

ఫొటో కింద కొన్నావిడ ఫిర్యాదు: ఆర్డర్ చేయని వస్తువు పార్సిల్లో వచ్చింది. దాని కింద, మేము కప్పులు అమ్మే ఆన్‌లైన్ సైటు వాళ్ల మాట. ఇలాంటి ఫిర్యాదు మీ మీద ఇది రెండోది, మరొక్కటి వస్తే మీ దుకాణాన్ని మూసివేస్తాం, మీ సహకారానికి ధన్యవాదాలు. తిట్టేవాడితోనైతే మాట కలిపి దారికి తెచ్చుకోవచ్చు. ధన్యవాదాలు చెప్పేవాడితో ఏం మాట్లాడతాం?

మొదటి ఫిర్యాదుకు ఫొటో లేదు. ఒకరి కప్పు ఇంకొకరికి పోయిందేమో అనుకుని, చీటీలన్నీ తిరగేసి, తప్పు దొరక్క ఊరుకున్నాను. ఇప్పుడు దొరికింది. దొరకడంతోనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. నిన్న అచ్చువేసిన రెండు కప్పులు ఈ పొద్దున అవ్వే చుట్టింది. బస్సులో నిజామాబాదుకు బయలుదేరి ఉంటాయి.

మా బాపుది బోధన్‌లో కిరాణం కొట్టు. నేను ఆ గల్లా పక్కనే పెరిగాను. ఎవరు ఎంతకు ఒప్పుకుంటారో వాళ్లు చెప్పులు విడిచే తీరును బట్టి చెప్పేయగలనని నాకు గర్వం. డిగ్రీ అయ్యాక కొట్టులో ఒక మూల తీసుకుని ఫొటో కప్పుల మెషిన్ పెట్టాను. ఊళ్లో పెద్ద దుకాణాలు వచ్చి బాపు దగ్గర గిరాకీ పలచబడుతున్న రోజులవి. రెండువేల తర్వాతి మొదటి పదేళ్లు ముగియవస్తున్నాయి. ఆన్‌లైన్లో అమ్మకాలు అప్పుడప్పుడే మా దాకా వచ్చాయి. ఊరివాళ్లు ఎన్ని కప్పులు చేయించుకుంటారు? సైటులో దుకాణం తెరిచాకే మెషిన్‌కు పని దొరికింది. నెమ్మదిగా ఇంటి ఖర్చంతా ఆ కప్పుల మీదికే వచ్చి కూర్చుంది.

సైటు నియమాలు సరుకు అరల్లో సిద్ధంగా ఉండే దుకాణాల కోసం రాసినవి. ఆర్డర్ రాగానే తీసి, చుట్టి, ఇచ్చేయాలి. రెండు రోజుల్లో కొరియర్ వాళ్ల మెషిన్ ఆ పార్సిల్ చీటీని చదవాలి. మా సరుకు ఆర్డర్ వచ్చాకే పుడుతుంది. కొన్నవాళ్లు పంపిన ఫొటోను అద్దంలోలా తిరగేసి ప్రత్యేకమైన కాగితం మీద అచ్చుతీయాలి, కప్పుకు చుట్టి టేపు వేయాలి, వేడి మెషిన్లో బిగించాలి. అప్పటిదాకా కరెంటు ఉండాలి. బోధన్‌కు వచ్చి పార్సిల్ తీసుకుపొమ్మంటే కొరియర్ వాళ్లు రామన్నారు. వాళ్ల కౌంటర్ నిజామాబాదులో ఉంది. ఇంకో రోజు గడువు ఇమ్మని సైటుకు ఎన్ని మెయిళ్లు రాశానో! ఒకసారి బతిమాలుతూ, ఒకసారి దబాయిస్తూ, ఒకసారి వేరే సైటుకు వెళ్లిపోతానని బెదిరిస్తూ. ప్రతిసారీ అక్షరం మారకుండా అదే జవాబు. నా జీవితంలో బేరమాడలేకపోయిన మొదటి మనిషి అసలు మనిషే కాదు.

అందుకని మేమే మారాం. పొద్దున్నే ఆర్డర్లు చూడటం, కరెంటు ఉన్నప్పుడు అచ్చు, మర్నాడు పార్సిళ్ల సంచి బస్సు కండక్టర్ చేతికి. నిజామాబాదులో కొరియర్ కౌంటర్ మనిషి బస్టాండుకు వచ్చి తీసుకుంటాడు. పార్సిళ్లు బాపు చుట్టేవాడు. ఆయన చుట్టిన కప్పు మేడ మీది నుంచి పడేసినా పగలదు. నడుం పట్టేసి బాపు మంచమెక్కాక ఆ పని అవ్వ తీసుకుంది. అప్పట్నుంచే ఫిర్యాదులు.

నెట్ సెంటర్ నుంచి పరుగులాంటి నడకతో ఇల్లు చేరాను. అవ్వ కొట్టులో అల్లం ఏరుతోంది.

"అవ్వా, కప్పులల్ల సక్కెర వెడుతున్నవా?"

"పెడుతున్న. ఏమాయె?"

"ఎందుకు పెడుతున్నవే?"

"ఎందుకేంది? ఉత్త గిన్నె ఎవ్వలకన్న ఇస్తమా? పక్కింటోళ్ల గిన్నె వాపసిచ్చినా ఇంత సక్కెరో ఇన్ని అటుకులో ఏసిస్తం. గా పిల్లలు కొత్తగ పెండ్లైనోళ్లు. వాళ్లింటికి ఉత్త కప్పు పంపుమంటవా?"

"గది కప్పు గాదవ్వా, సరుకు!"

"సాయ తాగేదే గద?"

లోపలి మంచం మీది నుంచి బాపు నవ్వాడు. "కొసరేసి పోగొట్టుకున్న కోమటిని నేను యాడ సూడలే. మీ అవ్వ సూపెడుతున్నది."

"నీకు నవ్వొస్తుంది బాపు. ఇంకొక్కటైతే దుకాణం మూసేస్తరంట."

ఆ మాటకు నవ్వు ఆగింది. అవ్వ చేతిలోని అల్లం చేటలో పడింది. "పొద్దుగాల రెండిట్ల ఏసిన బిడ్డా," అంది మెల్లగా. "జెరంత ఎక్కువనే ఏసిన."

బస్సెక్కాను. చెరకు నరికే కాలం. ఎడపల్లి దాటేదాకా ఎదురుగా ట్రాక్టర్లే. గడలు రోడ్డు సగానికి వేలాడుతుంటే మా బస్సు పక్కకు దిగి ఆగుతుంది, కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. ప్రతి ట్రాక్టర్ వెనక పిల్లలు పరుగెత్తి గడలు లాగుతున్నారు. డ్రైవర్ బీడీ ముట్టించాడు. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం కొరియర్ బండి కదిలితే ఆ రెండు పొట్లాలు ఎవరు ఎలాంటి అనుమానంతో విప్పుతారో తెలియదు. వాళ్లు ఫిర్యాదు మీట నొక్కితే అయిపోయినట్టే. పార్సిళ్లు వెనక్కి తెచ్చుకుంటే గడువు దాటుతుంది. అదీ ఫిర్యాదు కిందికే వస్తుందని నియమాల్లో చదివిన గుర్తు. చదివానా, భయంలో నేనే కల్పించుకున్నానా అన్నది కూడా తేల్చుకోలేకపోయాను. జానకంపేట దగ్గర బస్సు మళ్లీ ఆగినప్పుడు దిగి నడుద్దామా అనిపించింది. నిజామాబాదు దాకా నడిచే దూరమా అది!

కౌంటర్ చేరేసరికి ఒక వ్యాను రివర్స్ తీసుకుంటోంది. దానికి చెయ్యి అడ్డం పెట్టాను. అది నన్ను పట్టించుకోకుండా వెళ్లిపోయింది.

"అన్నా, పొద్దుగాల బోధన్ బస్సుల వచ్చిన సంచి?"

కౌంటర్ మనిషి తల ఎత్తలేదు. "కట్టేసినం అక్కా. ఇగ ఇప్పరాదు."

"ఒక్క నిమిషం. చీటీ తప్పు పడ్డది."

"మెషిన్ సదివింది. కరెక్టే ఉన్నది."

"కప్పు పగిలినట్టు అనుమానంగ ఉన్నది అన్నా."

"పొద్దుగాల పగలని కప్పు సాయంత్రం పగిలిందని నీకెట్ల ఎరుకైంది?"

చాయ్ తాగుదాం రమ్మన్నాను. ఇప్పుడే తాగానన్నాడు. మీ పెద్దసారు మా బాపుకు బాగా తెలుసన్నాను. పెద్దసారు పోయిన వారమే కొత్తగ వచ్చిండన్నాడు. ఇంకో కొరియర్‌కు మారతానన్నాను. మారమన్నాడు, వాళ్లు మంచోళ్లన్నాడు. నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి. కొట్టులో పెరిగినదాన్ని, కౌంటర్ ఇవతల నిలబడి చేతకాక ఉన్నాను. ఇక నిజమే మిగిలింది.

"మా అవ్వ కప్పులల్ల సక్కెర ఏసింది అన్నా."

ఆయన మొదటిసారి నా ముఖం చూశాడు. "సక్కెరా?"

"ఉత్త గిన్నె పంపద్దని."

పగలబడి నవ్వాడు. లోపల సంచులు కుట్టే ఆయన్ని కూడా పిలిచాడు. "అరే, ఇగో, ఈ అక్క వాళ్ల అవ్వ కొరియర్ల శక్కర్ పంపుతున్నదంట!" ఇద్దరూ నవ్వుతూనే ఒక సంచి కుట్టు విప్పారు. పుణెకు పోయే పార్సిల్ చేతికొచ్చింది. నేను కప్పులోంచి పొట్లం తీసి, బాపు చుట్టినట్టే కాగితాలు కుక్కి, వాళ్ల టేపే వేశాను. టేపు రెండుసార్లు వంకరపోయింది.

"ఇంకోటి?"

"రాజమండ్రిదా? గది పోయింది అక్కా. నువ్వు చెయ్యి అడ్డం పెట్టిన బండే."

ఆ తర్వాతి రోజుల్లో నేను మనిషిని కాదు. నెట్ సెంటర్ తెరవకముందే షట్టరు దగ్గర నిలబడేదాన్ని. పార్సిల్ హైదరాబాదు చేరింది, విజయవాడ చేరింది అని కంప్యూటర్ చెబుతుంటే, దొంగ నా ఇంటికి ఒక్కో వీధీ దాటి వస్తున్నట్టు ఉండేది. కొత్త ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. ఒక్కో కప్పును నేనే చుట్టేదాన్ని, చుట్టే ముందు అవ్వ చూస్తుండగా లోపల వేలు పెట్టి తడిమి చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం కొట్టులో ఉండగా ఫోన్ వచ్చింది. తెలియని నంబరు.

"ఏవండీ, కప్పులు పంపేది మీరేనాండీ? పార్సిల్ మీద ఈ నంబరుంది. రాజమండ్రి నుంచి మాట్లాడుతున్నాను."

"నేనే అక్కా."

"కప్పులో తెల్లగా ఉంది ఏంటండీ? నిజం చెప్పండి. మా బాబు నోట్లో వేసేసుకున్నాడు నిన్న."

ఆవిడ గొంతు నా గొంతు కంటే ఎక్కువ వణుకుతోంది. అప్పటిదాకా ఆ పొట్లాన్ని నా దుకాణం వైపు నుంచే చూశాను. అవతల ఒక తల్లి, ఊరూ పేరూ తెలియని మనుషులు పంపిన తెల్లటి పొడి, నోట్లో వేలు పెట్టుకున్న పసివాడు. అది నా లెక్కలోనే లేదు.

"సక్కెర అక్కా. ఒట్టి సక్కెర. మా దుకాణంలదే."

"నిజంగా పంచదారేనా?"

ఫోన్లో కనపడదని తెలిసి కూడా, పక్కనున్న చక్కెర గోనెసంచిలో చెయ్యి పెట్టి పిడికెడు నోట్లో పోసుకున్నాను. "ఇగో, నేను గూడ తింటున్న," అన్నాను నోటినిండా చక్కెరతో. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అవ్వ వచ్చి ఫోన్ లాక్కుంది.

"బిడ్డా, నేను వీళ్ల అవ్వను. పిలగాడు మంచిగున్నడా? ఆడుకుంటున్నడా? జరం రాలే గద? ఉత్త కప్పు పంపుతె మంచిగుండదని నేనే ఏసిన. నీకు చెప్పక ఏసిన, తప్పైంది బిడ్డా."

అవతల ఏడుపో నవ్వో తెలియని చప్పుడు. బాబు బాగానే ఉన్నాడట, డాక్టర్‌కు కూడా చూపించారట. వాళ్ల అత్తగారూ ఖాళీ గిన్నె ఎవరికీ ఇవ్వనివ్వదట. మళ్లీ నేను ఫోన్ తీసుకున్నాక, నేను అడగకముందే ఆవిడే అంది.

"నిన్న రాత్రి భయంతో కంప్లైంట్ పెట్టేశానండీ. వెనక్కి తీసేసుకుంటాను. ఇప్పుడే తీసేస్తాను. మీకేం కాదు."

సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. తీసేయడానికి మీట లేదట. వాళ్ల నంబరుకు చేసి పొరపాటైందని చెబితే, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ డబ్బు తిరిగి వస్తుంది అన్నారట. "నాకు డబ్బెందుకండీ," అంది ఆవిడ, నేనేదో తనను అడిగినట్టు.

మర్నాడు నెట్ సెంటర్లో నా దుకాణం పేజీ తెరుచుకోలేదు. నేను రాసిన మెయిల్‌కు జవాబొచ్చింది, అక్షరం మారకుండా. నెట్ సెంటర్ అన్న ఆ రోజు గంటకు నా దగ్గర ఏమీ తీసుకోనన్నాడు. మొదటిసారి బేరమాడకుండా నేనే పూర్తిగా ఇచ్చి వచ్చాను.

అప్పటికే అచ్చయి, ఇంకా పోని కప్పు ఒకటి మిగిలింది. మీసాల పెద్దాయన, పక్కన ఆయన భార్య, కింద వాళ్ల పెళ్లిరోజు. ఆ ఆర్డర్‌ను సైటే రద్దు చేసింది. ఆ కప్పును లోకంలో ఒక్క ఇంటివాళ్లే కొంటారు, ఇంకెవరికీ అక్కర్లేదు. మనమే వాడుకుందామంటే అవ్వ ఒప్పుకోలేదు. "ఎవ్వల ముసలాయన మొఖమో పట్టుకొని నేను సాయ తాగాల్నా?" అంది. బాపు నడుం పట్టుకుని లేచొచ్చి కప్పును చూశాడు. తనే కూర్చుని కాగితాలు కుక్కి చుట్టాడు.

"పోస్టుల ఏసి రా పో," అన్నాడు.

"కొన్నోళ్లకు మనమే పంపితె తప్పంట బాపు, సైటు నియమం."

"మూసినోడు మల్ల మూస్తడా?"

పార్సిల్ తీసుకుని బయలుదేరాను. అయినా పోస్టాఫీసు దాకా ఆ నియమమే వెంట వచ్చింది. పంపేవారి చిరునామా దగ్గర ఏమీ రాయకుండా కిటికీలోంచి ఇచ్చాను. గుమాస్తా వెనక్కి తోశాడు.

"ఎవ్వలు పంపుతున్నరో రాయకుంటె తీసుకోను అమ్మా."

అటూ ఇటూ చూశాను. వరుసలో వెనకున్న ముసలాయన విసుక్కున్నాడు. పెన్ను అడిగి, బాపు కిరాణం కొట్టు పేరు, కింద బోధన్ అని రాశాను. గుమాస్తా చదివి, ముద్ర కొట్టి, వెనకనున్న కుప్పలోకి విసిరాడు.